కథలు ఎక్కించిన స్పీకరు తీస్కున్న, ఆఖరి ముక్క లేదు

మా అవ్వ కోసం పోయిన నెల పాలమూరుల క్లాక్ టవర్ కాడ ఒక మొబైల్ షాపుల చిన్న స్పీకరు తీస్కున్న, స్పీకరు 650, 32 జీబీ కార్డు 350, అండ్ల యక్షగానాలు ఒగ్గు కథలు ఎక్కించినందుకు ఇంకో 100. షాపు పేరు రాస్తలేను, పిలగాడు మంచోడే.

సౌండు మస్తు గట్టిగొస్తది, బోరు మోటరు నడుస్తున్నా వినవడ్తది. ఒకసారి చార్జింగ్ పెడితే రెండు రాత్రులు. బటన్లు పెద్దగున్నయి, అవ్వకు కండ్లు సక్కగ ఆనవు కాబట్టి తడిమి ఒత్తుకుంటది. కాకపోతే ఒక్కసారి బంద్ చేసి ఆన్ చేస్తే మళ్ల మొదటికెళ్లే షురువైతది, గదే చిరాకు.

అసలు లొల్లి సారంగధర కథ కాడ. నాలుగు ఫైళ్లుండాలె, మూడే ఉన్నయి. సవతి తల్లి చిత్రాంగి చాడీలు చెప్పింది, రాజరాజ నరేంద్రుడు ముందెనుక చూడకుంట కన్నకొడుకు కాళ్లు చేతులు నరికించిండు, అడివిల పడి మొత్తుకుంటుండు, ఇగ ఆడికి టక్కున ఆగి డీజే పాట మోగింది. అవ్వ లేచి కూసుంది. "సిద్ధుడు రాలే గదనే? కాళ్లు చేతులు మొలవకముందే కథ బందైతదా, మంగళం పాడకుంట ఆపుతరా ఎవరన్న?" అని నన్నే తిట్టింది, నేనే నరికించినట్టు.

నాయన రిటైరైన తెలుగు సారు. గిదే అసలు ముగింపు అన్నడు. బళ్లారిల ధర్మవరం రామకృష్ణమాచార్యులు గీ కథనే విషాద సారంగధర అని నాటకం రాసిండంట, తెలుగుల విషాదాంత నాటకాలకు ఆయనే దారి చూపిండంట, సిద్ధుడొచ్చి అన్నీ అతికిస్తే ఇగ రాజుకు బుద్ధెట్లొస్తది అని అర్ధగంట క్లాసు. అవ్వ ఒక్కటే అడిగింది, "రాజుకు బుద్ధి రానీకె పోరడు సావాల్నా?"

మా తమ్ముడు గ్రూప్స్‌కు చదువుతుండు, వాడు నడుమల దూరి రాజరాజ నరేంద్రుడి కొడుకు కుళోత్తుంగుడు, 1070ల చోళ గద్దె ఎక్కిండు, ఎవ్వరి కాళ్లు నరకలే అన్నడు. ఇద్దరూ కలిసి వాణ్ణి ఎల్లగొట్టిండ్రు. అమ్మదైతే ఇంకో తీరు, చిత్రాంగి సవతి కొడుకు మీద మోజుపడే ముక్క విననియ్యదు, సారంగధరుని పావురం ఎగిరి చిత్రాంగి మేడ మీద వాలంగనే చపాతీ పిండి చేత్తోనే వచ్చి నెక్స్ట్ బటన్ ఒత్తుతది. స్పీకరుకు గిప్పటికీ పిండి మరక ఉన్నది.

నేను మొదట్ల నాయన దిక్కే, ఏడిపించిన కథే యాదికుంటదని నా నమ్మకం. కానీ అవ్వ రెండు రాత్రులు సరిగ పండలే, గది చూసి కార్డు వట్టుకొని మళ్ల పాలమూరు బస్సెక్కిన. షాపు పిలగాడు కంప్యూటర్ల చూస్తే వాని కాడ కూడ మూడే ఉన్నయి! "ఇప్పటిదాంక ఎవ్వరూ అడగలే అక్కా" అన్నడు. వేరే మేళం వాళ్లది ఆఖరి భాగం దేవులాడి ఎక్కించిండు, పైసలు తీస్కోలే, అందుకే మూడు స్టార్లు ఇద్దామనుకున్నదాన్ని నాలుగు ఇస్తున్న. కొనేటోళ్లు మాత్రం ఆఖరి ఫైలు షాపుల్నే పెట్టి వినుండ్రి.

గిప్పుడు సారంగధరుడు మూడు ఫైళ్లు ఒక గొంతుతోని ఏడ్చి, నాలుగో దాంట్ల ఇంకో గొంతుతోని లేచి నిలవడ్తడు. అవ్వను అడిగితే "గొంతు మారితే ఏంది, కాళ్లొచ్చినయి గదా" అన్నది. నాయన ఓర్వలేక మూడోది అయిపోంగనే స్పీకరు బంద్ చేసి అరుగు మీదికి పోతడు, ఆన్ చేస్తే మళ్ల మొదటికెళ్లి, అవ్వ ఆయనను తిట్టుకుంటనే మొత్తం మళ్ల వింటది.