పదకొండేళ్లుగా నా స్ట్రింగ్ సింథ్: ఆ ఊగు కోసమే ఉంచుకున్నాను

డెబ్బైల నాటి ఈ స్ట్రింగ్ సింథ్ (వయొలిన్ల బృందంలాంటి శబ్దం ఇచ్చే ఎలక్ట్రానిక్ కీబోర్డు) కొని పదకొండేళ్లయింది. పక్కనే ఆరు వాయిస్‌ల పాలీసింథ్ కూడా ఉంది, అంటే ఒకేసారి ఆరు స్వరాలు పలికే సింథసైజర్. అయినా స్ట్రింగ్స్ కావాలంటే ఇప్పటికీ నా చెయ్యి పాతదాని మీదికే వెళ్తుంది.

కొన్న కొత్తలో దీని గొప్పతనమంతా ఒక్క మాటలో చెప్పేవాణ్ణి: ఎన్ని మెట్లు నొక్కితే అన్నీ మోగుతాయి. పై స్థాయిలో పన్నెండు స్వరాలు పుట్టించి, ఫ్రీక్వెన్సీని సగానికి సగం చేసుకుంటూ కింది స్థాయిలన్నీ తీస్తారు. ఎలక్ట్రానిక్ ఆర్గన్ల పద్ధతే ఇది. 1974లో వచ్చిన సోలీనా అనే స్ట్రింగ్ సింథ్ కూడా 49 మెట్లనూ ఇలాగే ఒకేసారి మోగించేది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ప్రాఫెట్-5 అనే పాలీసింథ్‌లో ఒకేసారి పలికేవి ఐదు స్వరాలే. నా ఆరు వాయిస్‌లదానిలో స్వరాలు ఆగకుండా పెడల్ తొక్కిపెట్టి కార్డు (కలిపి నొక్కే స్వరాల గుంపు) మారిస్తే, పాత కార్డులోంచి ఏదో ఒక స్వరం ఠక్కున తెగిపోతుంది. అది కింద పట్టుకున్న బేస్ స్వరమైతే పాట కాళ్ల కింద నేల జారినట్టే ఉంటుంది.

ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనను. స్థాయిలన్నీ ఒకే మూలం నుంచి వస్తాయి కాబట్టి సా, పై సా కలిపి నొక్కితే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉండదు. ఒకే స్వరం కాస్త పదునెక్కినట్టు ఉంటుంది, అంతే. దానికి ప్రాణం పోసేది ఎన్సెంబుల్ సర్క్యూట్, ఒక్క శబ్దాన్ని చాలామంది కలిసి వాయించినట్టు చేసే భాగం. ఆ సంగతి నాకు అది పాడయ్యాకే తెలిసింది.

కొన్న నాలుగో ఏడాది అది. ఒక రాత్రి రికార్డింగ్ మధ్యలో స్ట్రింగ్స్ వేరేగా వినిపించాయి. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, శ్రుతి తప్పలేదు. కానీ ఏదో బిగుసుకుపోయింది. కేబుల్ మార్చాను, హెడ్‌ఫోన్స్ మార్చాను. చివరికి ఒక కార్డు పట్టుకుని కళ్లు మూసుకుని విన్నాను. సన్నటి వణుకు ఉంది. దాని కింద నెమ్మదిగా వచ్చిపోయే ఊగు లేదు.

సర్క్యూట్ విప్పాక టెక్నీషియన్ చూపించాడు. శబ్దం మూడు డిలే లైన్లలోంచి, అంటే దాన్ని కాస్త ఆలస్యం చేసే దారుల్లోంచి వెళ్తుంది. ఆ డిలేలను రెండు ఆసిలేటర్లు (పైకీ కిందికీ ఊగే సిగ్నల్ ఇచ్చేవి) ఎప్పుడూ కదిలిస్తుంటాయి, ఒకటి త్వరగా, ఇంకొకటి చాలా నిదానంగా. నిదానంగా తిరిగేది ఆగిపోయింది. గోరంత కెపాసిటర్ ఒకటి ఎండిపోయింది. బోర్డు బయటికి వేలాడుతుండగానే కొత్తది అతికించి, ‘ఏదో ఒకటి వాయించండి సార్’ అన్నాడు. సి మైనర్ పట్టుకున్నాను. రెండు క్షణాలకు శబ్దం పక్కకు ఒరిగి, మెల్లగా తిరిగొచ్చింది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

పాలీసింథ్‌లోనూ కోరస్ ఉంది, అదీ ఇలా శబ్దాన్ని ఊపేదే, బాగుంటుంది. ఒక్కో స్వరానికీ విడి ఫిల్టర్ (శబ్దం పదును మార్చేది), ఎన్వలప్ (స్వరం ఎలా మొదలై ఎలా తగ్గాలో చెప్పేది) ఉంటాయి. చేసుకున్న టోన్ సేవ్ చేసుకోవచ్చు. బ్రాస్, బేస్, ప్యాడ్ అన్నీ అందులోంచే తీస్తాను. పాతదానిలో అవేవీ లేవు, ఎంత గట్టిగా నొక్కినా ఒకటే వాల్యూమ్. డిలే చిప్పుల హిస్, అంటే సన్నటి బుస కూడా ఉంటుంది. చిన్నగా వాయించే చోట అది బాగా తెలుస్తుంది, పాటలో ఖాళీ వచ్చినచోటల్లా ఆ ట్రాక్ కోయాల్సిందే.

నేను ఇంట్లో కూర్చుని నెమ్మది పాటలు రికార్డు చేసుకునేవాణ్ణి, దీన్ని ఎక్కడికీ మోయను. స్టేజీ మీద వరసగా ప్రోగ్రాములు వాయించేవాళ్లు అడిగితే మాత్రం పాలీసింథే కొనుక్కోమంటాను. మంచి టెక్నీషియన్ దగ్గర్లో లేకపోయినా అదే మాట.

ఈ మధ్య హిస్ ఇంకాస్త పెరిగింది. మళ్లీ విప్పించాలి. చేతిలో ఉన్న పాట పూర్తయ్యేదాకా మాత్రం ఇవ్వను.