చిచెన్ ఇట్జా, సెనోటే ఒకే రోజులో: ఏ ట్రిప్పు ఎక్కాలి, ఏది వద్దు

డాలస్, హ్యూస్టన్ వైపు ఉండే మన వాళ్లు సెలవులకి మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తుంటే అడిగే ప్రశ్న ఒకటే, అక్కణ్ణుంచి మాయా జాతి కట్టుకున్న పాత నగరం చిచెన్ ఇట్జాకి డే ట్రిప్పు ఎలాంటిది తీసుకోవాలి అని. శిథిలాలు చూడటం, సెనోటే అనే సహజమైన నీటి గొయ్యిలో ఈత కొట్టడం, ఇదీ ఆ ట్రిప్పు. పెద్ద బస్సులోనూ వెళ్లాం, ఆ తర్వాత అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు చిన్న వ్యాన్‌లోనూ వెళ్లాం. చూసిన చోటు అదే, తిన్న ఎండ అదే, కానీ రెండూ ఒకే ట్రిప్పు అంటే నేను ఒప్పుకోను. వ్యాన్ ట్రిప్పుకి ఐదుకి ఐదు ఇస్తాను. బస్సుకి రెండు, ఆ రెండు కూడా పిరమిడ్ కోసమే.

ముందు బస్సు సంగతి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్కరి తీరు కాదు, హోటల్ లాబీల్లో అమ్మే చవక టూర్లు చాలావరకు ఇలాగే నడుస్తాయి. పొద్దున్నే ఎక్కించుకుంటారు, ఆ తర్వాత గంటకి పైగా హోటల్ హోటల్‌కీ తిరుగుతూ మిగతా వాళ్లని ఎక్కించుకుంటారు. సగం దారిలో ఒక పెద్ద షాపు దగ్గర ఆపి, అక్కడ రాతి బొమ్మలు, వెండి నగలు, టెకీలా రుచి చూడండి అంటూ ముప్పావు గంట తినేస్తారు. మళ్లీ బస్సెక్కాక ప్రవేశ టికెట్ ధరలో లేదు, ఇప్పుడు క్యాష్ ఇవ్వాలి అని మైకులో చెప్తారు, డాలర్లలో ఇస్తే వాళ్లు చెప్పిందే రేటు. ఇంతా అయి లోపలికి అడుగు పెట్టేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ మైదానంలో నీడ అనేది దాదాపు లేదు, పిల్లలు అప్పటికే నీరసపడి ఉంటారు, గైడ్ నలభై యాభై మందికి వినపడేలా అరుస్తూ ఉంటాడు. వెనక నిలబడ్డ వాళ్లకి ఏం వినపడుతుంది?

వ్యాన్ ట్రిప్పులో అసలు కిటుకు గడియారంలో ఉంది, ఇది చాలామంది గమనించరు. కాన్‌కూన్, ప్లాయా డెల్ కార్మెన్ ఉన్నది కింతానా రో రాష్ట్రంలో. చిచెన్ ఇట్జా ఉన్నది పక్కనున్న యుకటాన్ రాష్ట్రంలో, అక్కడి టైము ఒక గంట వెనక. 2015లో కింతానా రో తన టైముని ముందుకి జరుపుకోవడం వల్ల వచ్చిన తేడా ఇది. అంటే మీరు ఆరింటికి బయల్దేరి రెండున్నర గంటలు ప్రయాణం చేసినా, అక్కడ దిగేసరికి వాళ్ల టైము ప్రకారం ఏడున్నరే. గేటు తెరిచేది ఎనిమిదింటికి. మా గైడ్ సరిగ్గా ఇదే లెక్క వేసుకున్నాడు. గేటు తెరవగానే లోపలికి వెళ్లిన మొదటి కొద్దిమందిలో మేం ఉన్నాం. కుకుల్కాన్ పిరమిడ్ ముందు మనుషులు లేరు, వస్తువులు అమ్మేవాళ్లు అప్పుడే బల్లలు సర్దుకుంటున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ గంట మళ్లీ పోతుంది కాబట్టి రాత్రికి ఏ డిన్నరో బుక్ చేసుకుంటే కాస్త చూసి చేసుకోండి.

పిరమిడ్ గురించి ఫొటోల్లో చూసిందే కదా అనుకుంటాం. ముందు నిలబడితే వేరు. పైన గుడితో కలిపి ఎత్తు దాదాపు 30 మీటర్లు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన చివరి మెట్టుతో కలిపి 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే తిరిగి వచ్చే శబ్దం చప్పట్లలా ఉండదు, పిట్ట కూతలా సాగి వస్తుంది. అక్కడి గైడ్లందరూ దాన్ని కెత్సాల్ పిట్ట అరుపుతో పోలుస్తారు. పొద్దున జనం లేనప్పుడు ఇది ఎంత స్పష్టంగా వినపడిందంటే మా చిన్నది అక్కణ్ణుంచి కదలనంది. మధ్యాహ్నం అయితే ఒకేసారి పది గుంపులు చప్పట్లు కొడుతుంటాయి, పక్కనే జాగ్వార్‌లా అరిచే ఈలలు అమ్మేవాళ్లు ఊదుతుంటారు, అందులో ఇది కలిసిపోతుంది. ఎక్కడానికి ఇప్పుడు ఎవర్నీ అనుమతించరు, ఎక్కించే టూర్ ఉందని ఎవరైనా చెప్తే నమ్మకండి. బంతాట మైదానం కూడా తీరిగ్గా చూడాలి, 168 మీటర్ల పొడవు, గోడ మీద ఎక్కడో ఎత్తున రాతి వలయాలు, రబ్బరు బంతిని చేతులతో ముట్టుకోకుండా తుంటితో కొట్టి ఆడేవాళ్లట. మిగతావి, వెయ్యి స్తంభాల వైపు, గుండ్రటి ఖగోళశాల, నడుచుకుంటూ చూసేయొచ్చు.

కానీ నాకు ఈ ట్రిప్పు ఎందుకు అంతగా నచ్చిందో చెప్పాలంటే నీళ్ల దగ్గరికి రావాలి. చాలా టూర్లు సెనోటేని ఎండలో తిరిగి అలసిపోయాక ఇచ్చే ఈత కొలనులా చూస్తాయి. పొద్దున శిథిలాలు, సాయంత్రం ఈత, రెండిటికీ సంబంధం లేదన్నట్టు. మా గైడ్ మాత్రం వ్యాన్‌లోనే మ్యాపు తీసి, ఇందులో నది ఎక్కడుందో చూపించమని అందరినీ అడిగాడు. ఎవరికీ కనపడలేదు. ఉత్తర యుకటాన్‌లో నేల మీద పారే నది లేదు. అంతా సున్నపురాయి, పడ్డ వాన పడ్డట్టే లోపలికి ఇంకిపోయి నేల కింద కాలువలై పారుతుంది. ఆ రాయి కరిగి కరిగి, పైకప్పు కూలిన చోట కనపడే నీళ్లే సెనోటే. తాగాలన్నా, పంట పండాలన్నా ఆ గోతుల దగ్గరే ఉండాలి. ఊళ్లు అక్కడే కట్టుకున్నారు, వాన దేవుడు చాక్‌కి మొక్కుకున్నారు. చిచెన్ ఇట్జాలో ష్టొలోక్ అనే సెనోటే మంచినీళ్లకి, ఉత్తరాన ఉన్న పెద్దది పూజలకి, దాన్నే పవిత్ర సెనోటే అంటారు. 2015లో పరిశోధకులు విద్యుత్ పరీక్షలు చేసి కుకుల్కాన్ పిరమిడ్ కిందే ఒక సెనోటే ఉన్నట్టు తేల్చారు. అది విన్నాక ఆ కట్టడాన్ని చూసే చూపే మారిపోయింది మాకు.

పవిత్ర సెనోటేకి పిరమిడ్ దగ్గర్నుంచి పాత తెల్లరాతి బాట మీద నడిచి వెళ్లాలి. బస్సు టూర్‌లో దీన్ని ఖాళీ టైములో మీరే చూసుకోండి అని వదిలేశారు, సగం మంది వెళ్లనేలేదు. వెళ్లాలి. సుమారు 60 మీటర్ల వెడల్పు గొయ్యి, కింద పచ్చటి నీళ్లు, ఇక్కడ ఎవరూ దిగకూడదు. 1904 నుంచి కొన్నేళ్ల పాటు ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ ఇందులోంచి బంగారం, జేడ్, సాంబ్రాణి ముద్దలు, మనుషుల ఎముకలు తోడి తీశాడు, అందులో చాలా భాగం హార్వర్డ్ విశ్వవిద్యాలయం మ్యూజియంకి చేరింది. బస్సు గైడ్ ఇక్కడ కన్యల్ని తోసేసేవాళ్లని సినిమా కథలా చెప్పాడు. అది తప్పు. దొరికిన ఎముకల్లో మగవాళ్లవి, పిల్లలవి కూడా ఉన్నాయి. దీనికి దగ్గర్లోనే ఒక భూగర్భ గదిలో దొరికిన పిల్లల ఎముకల మీద 2024లో డీఎన్ఏ పరిశోధన వచ్చింది, పరీక్షించిన 64 మందీ మగపిల్లలే, వాళ్లలో కవలలు కూడా ఉన్నారు. ఒక సమాజం తన పిల్లల్ని ఎందుకు అలా అర్పించుకుందో ఆలోచించాల్సిన చోట, అరిగిపోయిన కథ చెప్పి నవ్వించడం నాకు అస్సలు నచ్చలేదు. గైడ్ ఎలాంటి వాడన్నది ఈ ట్రిప్పులో అన్నిటికన్నా ముఖ్యం అని నేను అనేది అందుకే.

వ్యాన్ గైడ్ ఆ ప్రాంతపు మాయా మనిషి. ఇంట్లో యుకటెక్ మాయా మాట్లాడతారట, దారిలో తాటాకు లాంటి ఆకులు కప్పిన కోడిగుడ్డు ఆకారపు ఇళ్లు చూపించి మా అమ్మమ్మ ఇల్లూ ఇంతే అన్నాడు. మాయా జనం మాయమైపోయారు అని చెప్పే గైడ్లు ఉన్నారు. ఇప్పటికీ లక్షల మంది ఆ భాష మాట్లాడుతున్న ప్రాంతంలో నిలబడి ఆ మాట అనడం అన్యాయం. మేం ఇండియా నుంచి అని తెలిశాక మాయా లెక్కల్లోని సున్నా గురించి చెప్పాడు. చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే ఐదు, గవ్వ అంటే సున్నా, లెక్క ఇరవైల్లో. పిల్లలు దారంతా కారు నెంబర్లు ఆ పద్ధతిలో రాసుకుంటూ కూర్చున్నారు.

ఇక ఈత. బస్సు వాళ్లు దగ్గర్లోని ఇక్ కిల్ అనే సెనోటేకి తీసుకెళ్తారు. అందం విషయంలో దానికి వంక పెట్టలేం, నీళ్లు నేల మట్టానికి 26 మీటర్ల కింద, పైనుంచి వేళ్లూ తీగలూ నీళ్ల దాకా వేలాడుతుంటాయి. కానీ మధ్యాహ్నం అన్ని బస్సులూ అక్కడికే వస్తాయి. షవర్‌కి లైను, లాకర్‌కి లైను, మెట్ల మీద లైను, నీళ్లలో ఉన్నది కాసేపే. వ్యాన్ వాళ్లు మమ్మల్ని వయ్యడోలిడ్ అనే ఊరి వైపు ఒక గ్రామం వాళ్లే నడుపుకునే చిన్న సెనోటేకి తీసుకెళ్లారు. సగం గుహ, పైకప్పులో ఒక రంధ్రం, అందులోంచి పడే వెలుతురు. ఏడాది పొడవునా నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటాయి, దిగగానే చల్లగా జివ్వుమంటుంది, రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. మా నాన్న వరంగల్ జిల్లాలో వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్న మనిషి. అడుగు అందని నీళ్లు, చుట్టూ రాతి గోడ, పైన గుండ్రంగా ఆకాశం, అచ్చం మన బావే అంటూ ఆయన ఎంత సేపటికీ బయటికి రాలేదు. లైఫ్ జాకెట్ తప్పనిసరి అన్నప్పుడు కొంచెం గునిశారు కానీ అది మంచి నియమమే, ఈ నీళ్లు చాలా లోతు, ఇక్ కిల్ అయితే 40 మీటర్లకి పైనే. ఈత రాని అమ్మ కూడా జాకెట్ వేసుకుని తాడు పట్టుకుని హాయిగా తేలింది.

దిగే ముందు షవర్ కింద తడవాలి. సన్‌స్క్రీన్, దోమల క్రీము రాసుకుని దిగనివ్వరు. నియమం కఠినంగా అనిపించినా పాటించండి, ఆ నీళ్లు నేల కింద ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, ఊళ్లు వాడుకునేదీ ఆ భూగర్భ జలమే. ఎండకి పొడుగు చేతుల స్విమ్ షర్టు తీసుకెళ్తే క్రీముతో పనే లేదు. మెట్లు తడిగా జారుతుంటాయి, పెద్దవాళ్లకి పట్టున్న చెప్పులు కావాలి.

భోజనం పర్వాలేదు. వయ్యడోలిడ్‌లో బఫే, మాంసం తినేవాళ్లకి కోచినీత పిబిల్ అని నారింజ పులుపుతో మగ్గబెట్టిన పంది మాంసం చాలా బాగుంటుంది. శాకాహారులకి అన్నం, బీన్స్, టోర్టియా, పళ్లు, అంతే. అయితే బీన్స్‌లో పంది కొవ్వు వేయడం మామూలు, 'సిన్ మంతేకా' అని అడిగి తేల్చుకోండి. అమ్మ కోసం మా గైడ్ వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చాడు, బంగాళాదుంపతో విడిగా ఏదో చేయించాడు కూడా. హబనేరో మిరపకాయ పచ్చడి మాత్రం వదలొద్దు. ఆవకాయ తినే నాలుక కూడా ఒక్క చుక్కకే గౌరవం ఇస్తుంది.

ఇంట్లో ఎక్కువ నడవలేని పెద్దవాళ్లుంటే, లేదా జనం అంటేనే పడకపోతే, చిచెన్ ఇట్జా బదులు కోబా అనే మరో మాయా శిథిలాల ట్రిప్పు చూడండి. అడవి మధ్యలో ఉంటుంది, దారంతా చెట్ల నీడ, తొక్కే రిక్షాల మీద కూర్చోబెట్టి 42 మీటర్ల నొహోచ్ ముల్ పిరమిడ్ దాకా తీసుకెళ్తారు. దగ్గర్లోనే చో హా, తంకచ్ హా, ముల్తుమ్ హా అని మూడు సెనోటేలు, మొదటిది గుహలా మూసుకుని పైనుంచి సున్నపురాతి ధారలు వేలాడుతూ ఉంటుంది. చెక్కిన శిల్పాల పనితనం మాత్రం చిచెన్ ఇట్జాలో ఉన్నంత కనపడదు, చాలావరకు అరిగిపోయింది.

ధర విషయానికి వస్తే వ్యాన్ ట్రిప్పు బస్సు కన్నా బాగా ఎక్కువ, కుటుంబం మొత్తానికి లెక్కేస్తే ఆలోచించేంత తేడానే. కానీ బస్సు రేటుకి టికెట్లు, లాకరు, జాకెట్ అద్దె, భోజనంలో డ్రింకులు కలిపితే ఆ తేడా సగానికి తగ్గుతుంది. చిచెన్ ఇట్జాకి టికెట్లు రెండు, ఒకటి కేంద్ర పురావస్తు సంస్థది, ఒకటి రాష్ట్రానిది. రెండూ కలిపే ధర చెప్పారా అని అడగండి. గేటు దగ్గరికి ఏ టైముకి చేరుస్తారు, అది ఏ రాష్ట్రం టైము, దారిలో షాపు ఆగడం ఉందా, గుంపులో ఎంతమంది, ఏ సెనోటే, అక్కడ ఎంతసేపు, ఇవన్నీ డబ్బు కట్టకముందే మెసేజ్‌లో రాయించుకోండి. మెక్సికో వాళ్లకి ఆదివారం కేంద్ర సంస్థ టికెట్ ఉచితం కాబట్టి ఆ రోజు రద్దీ ఎక్కువ, వేరే రోజు పెట్టుకోండి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే ఇండియన్ పాస్‌పోర్టుకి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి కూడా ఇదే వర్తిస్తుంది, కాబట్టి వాళ్లు వచ్చినప్పుడు తప్పకుండా వెంట తీసుకెళ్లండి.