బరంపురంలో పెంపుడు పిల్లులకు కొత్త ఇల్లు చూసిపెట్టే సేవ: ఒక సమీక్ష

పెంచుకున్న పిల్లిని ఇంకొకరి చేతిలో పెట్టక తప్పని పరిస్థితి వచ్చినప్పుడు బరంపురంలో సాధారణంగా కనిపించే దారులు రెండే. తెలిసినవాళ్లను బతిమాలుకోవడం ఒకటి, వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి ముందుగా ఫోన్ చేసినవారికి అప్పగించేయడం రెండోది. అస్కా రోడ్డు వైపు ఒక దంపతులు తమ మేడ మీద నడుపుతున్న సేవ ఈ రెండింటిలోనూ చేరదు. అది పిల్లిని దించేసి వెళ్లిపోయే చోటు కాదు. పిల్లి మన ఇంట్లో ఉండగానే దానికి తగిన ఇల్లు వెతికి, ఆ ఇంటిని స్వయంగా చూసి, నచ్చితేనే పంపే ఏర్పాటు. సేవకు పేరు ఉంది గానీ ఇక్కడ రాయడం లేదు. చిరునామా నలుగురికీ తెలిసినప్పుడల్లా తెల్లవారేసరికి గేటు ముందు అట్టపెట్టెల్లో పిల్లికూనలు కనిపిస్తున్నాయని, అవసరమైనవారికి పశువుల డాక్టర్ల ద్వారా తెలిస్తే చాలునని నిర్వాహకురాలు కోరారు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరమే అయినా, అట్టపెట్టె పెట్టి వెళ్లేవారికి ఆ సంగతి పట్టదు కాబట్టి ఆమె కోరిక నాకు న్యాయంగానే తోచింది.

మాది మగ్గాల ఇల్లు. మా పిల్లి చుక్క కూనగా ఉన్నప్పుడే మా ఇంట చేరి, మగ్గం గుంట పక్కనే పెరిగింది. మనవడికి ఉబ్బసం ముదిరి, పరీక్షలో పిల్లి పడదని తేలిన తరువాతే మేము ఈ సేవను ఆశ్రయించాము. నిర్వాహకురాలు మొదట అడిగింది ఆ పరీక్ష కాగితమే. ఎలర్జీ అని చెప్పి విసుగును దాచుకునేవారు చాలామంది వస్తారట. కాగితం చూశాక ఆమె చెప్పిన విషయం మాకు ఏ డాక్టరూ ఇంత వివరంగా చెప్పలేదు. పడనిది పిల్లి వెంట్రుక కాదు, దాని లాలాజలంలోనూ చర్మపు నూనె గ్రంథుల్లోనూ ఉండే ఒక ప్రోటీను. పిల్లి ఒళ్లు నాకినప్పుడు అది వెంట్రుకలకు పట్టి, ఎండి, సన్నని పొట్టుగా గాలిలో తేలుతుంది. పిల్లి వెళ్లిపోయాక కూడా పరుపుల్లో, కర్టెన్లలో నెలల తరబడి ఉండిపోతుంది. "పిల్లిని పంపేశాం కదా, పిల్లవాడికి వారంలో తగ్గిపోతుందని అనుకోకండి మావుసీ, ముందు దూది పరుపులు మార్చండి" అని ఆమె ఒడియా, తెలుగు కలిపి చెప్పారు. బదిలీ అయిందని వచ్చేవారితో కూడా ముందు పిల్లిని వెంట తీసుకువెళ్లే మార్గమే మాట్లాడతారు. రైల్లో ఏసీ ఫస్ట్ క్లాసులో గది మొత్తం మన పేరిట ఉంటే పిల్లిని వెంట ఉంచుకోవచ్చునని, కాకపోతే బ్రేకు వ్యానులో పెట్టెలో పంపాలని, ఆ రెండోది పిల్లికి నరకమని విడమరచి చెబుతారు. తమ దగ్గరికి వచ్చిన మనిషిని వీలైతే వెనక్కి పంపాలని చూసే సేవ మరొకటి నాకు తారసపడలేదు.

తరువాత వచ్చే ప్రశ్నల పత్రం చాలా పెద్దది. రేబిస్ టీకా, మూడు జబ్బులకు కలిపి వేసే టీకా ఎప్పుడు పడ్డాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా అన్నవి ఎవరైనా అడిగేవే. మలమూత్రాలకు ఇసుకలో వెళ్తుందా, రంపపు పొట్టులోనా. ఎలా పిలిస్తే వస్తుంది. చేప ముల్లుతో తింటుందా, తీసి పెట్టాలా. పాలు పోస్తున్నారా అన్నవి కూడా అందులో ఉన్నాయి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవని, విరేచనాలకు అదే కారణం కావచ్చునని ఆ ప్రశ్న పక్కనే రాసి ఉంది. మా ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు నిర్వాహకురాలి కళ్లు నేరుగా మగ్గం మీదికి వెళ్లాయి. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతువైపు వంగి ఉంటాయి కాబట్టి నోట పడిన దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని రెండో కొస పేగుల్లోకి దిగితే పేగు కుచ్చెళ్లలా ముడుచుకుపోయి కోసుకుపోతుంది. దారం బయట వేలాడుతున్నా లాగకూడదని, డాక్టరు దగ్గరికే పరుగెత్తాలని ఆమె చెప్పారు. మేము పట్టు కండెలను మూత ఉన్న డబ్బాల్లో పెట్టడం చూసి, ఒకటి రెండు మూతలు స్వయంగా తెరిచి మూసి, ఆ సంగతి పత్రంలో రాసుకున్నారు.

ఇల్లు వెతకడంలో వారి పట్టుదల కొందరికి అతిగా కనిపించవచ్చు. ఎలుకల బెడద కోసం పిల్లి కావాలన్న ఒక కొట్టు యజమానిని ఫోనులోనే కాదన్నారు. గాంధీనగర్‌లో మూడో అంతస్తు కుటుంబం మాకు ఎంతో నచ్చింది గానీ, బాల్కనీకి వల కట్టించేదాకా పిల్లిని ఇవ్వబోమన్నారు; వారు కట్టించలేదు. చివరికి ఒడిశా సరిహద్దుకు అవతల, ఇచ్ఛాపురంలో ఉద్యోగ విరమణ చేసిన ఒక దంపతుల ఇల్లు కుదిరింది. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ జాతర రోజుల్లోనూ దీపావళి రోజుల్లోనూ ఏ పిల్లినీ ఇల్లు మార్చరు; డప్పుల మోతకు, టపాసులకు బెదిరి కొత్త ఇంటి నుంచి పారిపోయిన పిల్లికి దారి తెలియదు కదా.

అప్పగింత రోజు వారు చూపిన శ్రద్ధకు నేను పూర్తి మార్కులు వేస్తాను. చుక్క పడుకునే నా పాత నేత చీర ముక్కను ఉతకవద్దని ముందే చెప్పారు. పిల్లి తన చెంపల దగ్గరి గ్రంథుల వాసనను రుద్ది ఇది నాది అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ వాసన ఉన్న గుడ్డ వెంట ఉంటే కొత్త గది పూర్తిగా పరాయిది కాదు. పెట్టె మీద గుడ్డ కప్పి, కారులో గిరిసోల మీదుగా తీసుకువెళ్లి, కొత్త ఇంట్లో ఒకే గదిలో దింపారు. అక్కడి మలమూత్రాల ఇసుక తొట్టిలో మా ఇంటి పాత ఇసుక కొంత కలిపారు. మంచం కిందికి దూరితే లాగవద్దని, అదే బయటికి వచ్చేదాకా గది తలుపు వేసి ఉంచమని ఆ ఇంటివారికి చెప్పారు. రెండు రోజులు దాటి ఏమీ తినకపోతే ఆగకుండా డాక్టరుకు చూపించమన్నారు. తిండి మానేసిన పిల్లికి, అందులోనూ ఒళ్లున్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. చుక్క మర్నాటి రాత్రి ఉడికించిన చేప తిన్నదని ఫోను వచ్చింది.

లోపాలు లేకపోలేదు. రుసుము 1,500 రూపాయలని మొదట చెప్పి, పెట్టె అద్దె, కారు ఖర్చు చివరలో విడిగా అడిగారు. అడిగినవి ఎక్కువేమీ కాదు గానీ ముందే చెప్పవలసింది. వారానికొక ఫొటో పంపిస్తామన్న మాట కొన్నాళ్లే నిలిచింది, ఆ తరువాత మేమే గుర్తు చేయవలసి వచ్చింది. మొదటి నెలలో పాత యజమాని చూడడానికి వెళ్లకూడదన్న నియమం మీద నాకు పూర్తి నమ్మకం కుదరలేదు. పాత మనిషిని చూస్తే పిల్లి మళ్లీ మొదటికి వస్తుందని వారి వాదన. కొన్ని పిల్లుల విషయంలో అది నిజం కావచ్చు. కానీ అన్నింటికీ ఒకే గడువు పెట్టడం పిల్లి కోసం కంటే ఏడ్చే మనుషులను దూరంగా ఉంచడం కోసమేమో అనిపించింది. రెండు రోజుల్లో ఊరు వదలవలసినవారికి ఈ సేవ పనికిరాదు. అంత తొందరలో వారు ఒప్పుకోరు.

ఒప్పంద పత్రంలో ఒక షరతు మాత్రం చాలా విలువైనది. కొత్త ఇంట్లో కుదరకపోతే పిల్లి తిరిగి వీరి దగ్గరికే రావాలి, ఆ ఇంటివారు మూడో మనిషికి ఇవ్వకూడదు. చిక్కల్లా ఆ పత్రం ఒడియాలో మాత్రమే ఉండడం. తెలుగు ఇంతగా వినిపించే ఊరిలో, ఒడియా మాట్లాడడం వచ్చినా చదవడం రాని పెద్దవాళ్లు మా వీధిలోనే ఎందరో ఉన్నారు. ఈ మాట చెబితే నిర్వాహకురాలు నొచ్చుకోకుండా, రాసి ఇవ్వండి, వాడుకుంటామన్నారు. షరతులన్నీ తెలుగులో రాసి ఇచ్చాను. వెళ్లేవారు సంతకం పెట్టే ముందు ఆ ప్రతిని అడిగి చదువుకోవచ్చు, పిల్లి టీకాల కార్డును కూడా వెంట తీసుకువెళ్లాలి.