కెచికన్ టోటెమ్ పోల్స్: మూడు చోట్లా చూశాం, ఎక్కడ ఎంత టైమ్ పెట్టాలంటే

టోటెమ్ పోల్స్, అంటే అక్కడి తెగలవాళ్లు చెక్కిన పొడవాటి చెక్క స్తంభాలు, చూడ్డానికి సియాటిల్ నుంచి అమ్మని తీసుకుని అలాస్కాలోని కెచికన్ వెళ్లొచ్చాను, మూడు రాత్రులు ఉన్నాం. ఎక్కువమంది క్రూయిజ్‌లో వచ్చి షిప్ ఆగిన కాసేపట్లోనే ఏదో ఒక పార్కు చూసి వెళ్లిపోతారు, మేం ఫ్లైట్‌లో వెళ్లాం, రెండు గంటలే, కాకపోతే ఎయిర్‌పోర్ట్ పక్క ద్వీపంలో ఉంది కాబట్టి దిగాక ఫెర్రీ ఎక్కాలి. వాన మాత్రం ఆగదు, గొడుగు కాదు మంచి రెయిన్‌కోట్ తీసుకెళ్లండి.

మొదటి రోజు టోటెమ్ బైట్ అనే పార్కు, ఊరికి ఉత్తరంగా 10 మైళ్లు. సముద్రం ఒడ్డున అడవిలో 14 స్తంభాలు, అన్నీ ఎర్ర దేవదారు మానులే. అమ్మ మొదటిదాన్ని చూడగానే ధ్వజస్తంభం ముందు నిలబడ్డట్టు చేతులు జోడించింది. గైడ్‌ని అడిగితే ఇవి పూజకి కావండీ, ఒక్కో వంశం వాళ్ల కథ, గుర్తు, హోదా చెప్పేవి అంది. వీటిని చెక్కిన తెగల్లో ఒకదాని పేరు ట్లింగిట్ అని రాస్తారు గానీ పలికితే క్లింకిట్ అని వినిపిస్తుంది. అక్కడ నాకు బాగా నచ్చింది ‘నాస్ నది మొదట్లో ఉండే రేవెన్’ అనే పేరున్న స్తంభం, రేవెన్ అంటే పెద్ద కాకిలాంటి పక్షి. వెలుగంతా ఒక పెద్దాయన పెట్టెల్లో దాచుకుంటే రేవెన్ చెట్టు ఆకుగా మారి నీళ్లలో పడి, ఆయన కూతురు ఆ నీళ్లు తాగితే ఆమె కడుపున పుట్టి, మనవడిగా ఏడ్చి ఏడ్చి ఆ పెట్టెలు తెరిపించి సూర్యచంద్రుల్ని వదిలేశాడట. మనవడు ఏడిస్తే ఏ తాత ఆగుతాడు అంది అమ్మ. అక్కడే ఉన్న క్లాన్ హౌస్, అంటే ఒక వంశం వాళ్ల ఇల్లు, దాని గుమ్మం చిన్న గుండ్రటి రంధ్రం, వంగి దూరాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూసుకోండి.

రెండో చోటు సాక్స్‌మన్, కెచికన్‌కి దక్షిణంగా రెండున్నర మైళ్లు. అమెరికా తరఫున అలాస్కాని కొన్న విదేశాంగ మంత్రి సీవర్డ్ 1869లో వస్తే ఈ ప్రాంతపు ట్లింగిట్‌లు పెద్ద విందు ఇచ్చి కానుకలు పెట్టారు, ఆయన తిరిగి ఏమీ ఇవ్వలేదు, అందుకని ఆయన పరువు తీయడానికే స్తంభం చెక్కి ముక్కుకీ చెవులకీ ఎర్ర రంగేశారు. ఇప్పుడున్నది దాని కొత్త ప్రతి. చెక్కే షెడ్ కూడా ఇక్కడే ఉంది, తీరిగ్గా చూడండి.

మేం దిగిన చోట రూమ్ శుభ్రంగానే ఉంది కానీ రాత్రి హీటర్ రెండుసార్లు ఆగింది, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, ఆ వానలో పెద్దవాళ్లతో అది చిన్న విషయం కాదు. శాకాహారం దొరకడం కష్టం, మేం తీసుకెళ్లిన పులిహోర పొడి ఆదుకుంది.

ఇక ఊళ్లోనే ఉన్న టోటెమ్ హెరిటేజ్ సెంటర్, 1976లో పెట్టారు. దీన్ని ఆఖరి రోజుకి వదిలేశాం, అదే తప్పు, మీరు మాత్రం ఇక్కడే మొదలుపెట్టండి. బైట్‌లో ఉన్నవి 1938 నుంచి పాతవాటిని బాగుచేసీ కాపీ చేసీ నిలబెట్టినవి, ఇక్కడున్నవి జనం వదిలేసిన ట్లింగిట్, హైడా (ఇదీ అక్కడి ఇంకో తెగ) ఊళ్ల నుంచి తెచ్చిన అసలువి, 30కి పైగా. రంగు వెలిసిపోయింది, కొన్ని విరిగాయి, అయినా ఉలి దెబ్బలు తెలుస్తాయి. పడిన స్తంభాన్ని నేలలో కలిసిపోనివ్వడమే వాళ్ల పద్ధతి, వీటిని మాత్రం పెద్దల ఒప్పుదలతో తెచ్చారు. పార్కులో గంట సరిపోయింది, ఇక్కడ రెండు గంటలైనా అమ్మ కదల్లేదు. మర్నాడు పొద్దున ఫెర్రీకి ఇంకా టైమ్ ఉందిగా, ఇంకోసారి పోదాం పద అంది, వెళ్లాం.