పిల్లలతో రాజమండ్రి: గది దగ్గర జాగ్రత్త

పిల్లలతో రాజమండ్రి వెళ్తున్నారా? గది బుక్ చేసేటప్పుడే వాళ్ల వయసు చెప్పి, మొత్తం ఎంతవుతుందో మెసేజ్‌లో పెట్టించుకోండి. ఆ పని చేయక మేము 1,900 రూపాయలు పోగొట్టుకున్నాం.

స్టేషన్‌కి దగ్గర, ఫ్యామిలీ రూమ్, రోజుకి 2,200 అని చూసి ఆన్‌లైన్‌లో బుక్ చేశాం. రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి పొద్దున్న ఆరింటికి లాడ్జికి చేరేసరికి కౌంటర్ దగ్గర కొత్త లెక్క మొదలైంది. పిల్లలిద్దరికీ చెరో 400. పన్నెండు కాకముందే గది కావాలంటే సగం రోజు అద్దె, 1,100. బాబు అప్పటికే సూట్‌కేసు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి, నిలబడలేకపోతున్నారు. ఇంకెక్కడికి వెళ్తాం? మావారు కట్టేశారు.

తీరా గదిలోకి వెళ్తే గీజర్‌కి ఎర్ర లైటు వెలుగుతోంది గానీ నీళ్లు వేడెక్కవు. 800 తీసుకుని పిల్లలకి వేసింది ఒక్కటే పరుపు, దాని అంచు చిరిగి కొబ్బరి పీచు బయటికొచ్చింది. బిల్లు అడిగితే 2,200కే రాసిచ్చారు. మిగతా డబ్బుకి కాగితం లేదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. మర్నాడే వేరే చోటికి మారాం. అద్దె 2,600, పిల్లలకి పైసా అడగలేదు, వేడినీళ్లు వచ్చాయి.

పుష్కర ఘాట్, సాయంత్రం హారతి, కడియం నర్సరీలు, అన్నీ హాయిగా జరిగిపోయాయి. రోజ్ మిల్క్ పిల్లలు రోజుకి రెండుసార్లు తాగారు.

మూడో రోజు 2,400కి కారు మాట్లాడుకుని ధవళేశ్వరం వెళ్లాం. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరుతో ఉన్న కాటన్ మ్యూజియం తప్పక చూపించండి. 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆనకట్ట కథ అక్కడ చెప్పి, వెంటనే బ్యారేజీ మీదికి తీసుకెళ్తే పిల్లలకి బాగా ఎక్కుతుంది. ఒకప్పుడు వరదొస్తే మునిగి, వానల్లేకపోతే ఎండిన నేల ఇదేనంటే, కాలవల పక్కన పచ్చటి చేలు చూసి మా పాప నమ్మలేదు.

బ్యారేజీ దాటి ఆత్రేయపురం చేరాం. ఒక ఇంటి వసారాలో ఒకావిడ పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతుంది. కన్ను మూసి తెరిచేలోగా తెల్లటి పొర ఆరి అంచు లేస్తుంది, రెండు చేతులతో ఒలిచేస్తుంది. అది ఎంత పల్చగా ఉందంటే అవతల ఆవిడ వేళ్లు కనిపిస్తున్నాయి. లాడ్జి గొడవ నుంచి ముభావంగా ఉన్న అత్తయ్యగారు అక్కడే పీట వేయించుకుని కూర్చుని, ఏ బియ్యం, ఎంతసేపు నానాలి అని కబుర్లలో పడ్డారు.

పాప తనూ తీస్తానంది. కాలుతుందేమోనని నాకు టెన్షన్. "ఏం కాదండీ, నేనున్నాగా" అని ఆవిడ పాప చెయ్యి పట్టుకుని గుడ్డ లాగించింది. మొదటి రెండు చిరిగాయి. మూడోది చిన్న చిల్లుతో నిలిచింది. దానికి నెయ్యి రాసి, బెల్లం తురుము చల్లి, మడిచి పాప చేతికే ఇచ్చింది.

మూడు ప్యాకెట్లు కొన్నాం, 450 అయింది. పాప చింపిన రేకులకి కూడా లెక్క కట్టమన్నాను.

"పిల్లలకి కూడానా అండీ?" అంది ఆవిడ.