నరసాపురం పంటు నుంచి ఆత్రేయపురం దాకా, అమ్మతో అయిదు రోజులు

"అంతర్వేది వెళ్తే పంటు మీదే వెళ్దామే. వంతెన మీంచి చుట్టు తిప్పకండి" అని అమ్మ బయలుదేరకముందే చెప్పేసింది. అమ్మ పుట్టిల్లు మొగల్తూరు పక్కన పల్లెటూరు. చిన్నప్పుడు భీష్మ ఏకాదశి రథోత్సవానికి ఇంటిల్లిపాదీ పంటు ఎక్కి గోదావరి దాటి వెళ్లేవాళ్లట. ఇప్పుడు అమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. అందుకని డిసెంబరు చివరి వారంలో మా కారులో చేసిన ఈ ప్రయాణంలో ప్రతిచోటా నేను ముందు చూసింది మూడే: మెట్లు ఎన్ని, బాత్‌రూమ్ ఎలా ఉంది, కూర్చోడానికి నీడ ఉందా. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఆ లెక్కలోనే రాస్తున్నాను.

మొదటి రోజు హైదరాబాద్ నుంచి వస్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే దిగి కైకలూరు వైపు తిరిగాం. కొల్లేరు ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రం ఆ దారిలోనే. చలికాలం కాబట్టి గూడబాతులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ముక్కు కింద సంచిలో చేపని వేసుకుని మెడ పైకెత్తి మింగడం మా బాబు మొదటిసారి చూశాడు, కదలనంటే కదలనన్నాడు. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్తే బాగుంటుంది. రాత్రికి భీమవరం చేరి బస్టాండు దగ్గర ఒక మామూలు హోటల్లో పడుకున్నాం. లిఫ్టు ఉంది, వేణ్ణీళ్లు వచ్చాయి, అంతకన్నా చెప్పేదేం లేదు.

మర్నాడు పొద్దున్నే పాలకొల్లులో క్షీరారామం గోపురానికి దణ్ణం పెట్టుకుని నరసాపురం వెళ్లాం. మాధవాయిపాలెం రేవు దగ్గర వశిష్ఠ గోదావరి ఎంత వెడల్పో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. పంటు ఎక్కనివాళ్ల కోసం చెప్తాను: పడవల్ని జతచేసి పైన బల్లలు పరిచి ఇంజను పెడతారు. ఒడ్డు మీద నుంచి రెండు పలకలు వాలుగా వేస్తే కారు నెమ్మదిగా దాని మీదకి ఎక్కాలి. మావారికి కాస్త టెన్షన్ పట్టుకుంది. పంటు కుర్రాడు ముందు నిలబడి చేతులతో సైగ చేస్తూ "రండి రండి, ఎడం పక్కకి కొట్టండి, ఆఁ, చాలండి" అని అంగుళం అంగుళం జరిపించాడు. మా కారు పక్కన ఒక ట్రాక్టరు, పది పన్నెండు మోటారు సైకిళ్లు, గడ్డిమోపుతో ఒకావిడ, స్కూలు పిల్లలు. "మామ్మగారండీ, మీరు బండి దిగక్కర్లేదండీ" అన్నాడా కుర్రాడు. అమ్మ వినలేదు. దిగి కమ్మీ పట్టుకుని నిలబడింది. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి దగ్గరయ్యేదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నదిలోంచి గాలి చల్లగా, కాస్త ఉప్పగా వస్తోంది. ఈ మొత్తం ప్రయాణంలో పైసా పైసాకీ న్యాయం జరిగింది ఎక్కడంటే ఆ కొద్ది నిమిషాల దగ్గరే అంటాను.

అంతర్వేది గుడిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం మామూలు రోజుల్లో తేలిగ్గానే అవుతుంది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయాక చేయించిన కొత్త రథాన్ని అమ్మ కళ్లకద్దుకుంది. అక్కడి నుంచి వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి. నీడ లేదు, గొడుగు ఉండాలి. కానీ ఒక పక్క నది నీళ్లు నిదానంగా, ఇంకో పక్క సముద్రం హోరున, మధ్యలో ఇసుక మీద మనం. అది చూసి తీరాలి.

ఆ రాత్రి బస మాత్రం మా తప్పు. దిండి చుట్టుపక్కల ఒక ప్రైవేటు రిసార్టు ఫొటోలు చూసి బుక్ చేసుకున్నాం. కింద గది కావాలని, పెద్దావిడ ఉందని ఫోన్లో రెండుసార్లు చెప్పాను. తీరా వెళ్తే పై అంతస్తు ఇచ్చారు, మెట్లకి పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు. గంటసేపు నిలబడి అడిగితే గది మార్చారు. కిటికీ పక్కనే జనరేటరు. భోజనంలో పనీరు, నూడుల్స్, చల్లారిన రొట్టెలు. గోదావరి ఒడ్డున కూర్చుని గోదావరి వంట ఒక్కటీ లేకపోవడం నాకు నిజంగా బాధనిపించింది. మెనూలో మాత్రం పులస పులుసు అని రాసి ఉంది. డిసెంబరులో పులస ఎక్కడిది? సముద్రంలో ఇలసగా ఉండే చేప వరదల కాలంలో ఎర్రనీళ్లకి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చి పులస అవుతుంది. జులై నుంచి సెప్టెంబరు లోపే ఆ వేడుక. మిగతా రోజుల్లో ఆ పేరుతో ఎవరు పెట్టినా డబ్బులు పోసుకోకండి.

మూడో రోజు దానికి పూర్తిగా విరుగుడు. రాజోలు మీదుగా పి.గన్నవరం వచ్చాం. అక్కడ అక్విడక్టు దగ్గర ఆగకుండా వెళ్లేవాళ్లని చూస్తే ఆపి చూపించాలనిపిస్తుంది. కింద వైనతేయ నది పారుతుంటే, దాని పైనుంచి పంట కాలువ నదిని దాటి వెళ్తుంది! 1850ల్లో కాటన్ దొర హయాంలో కట్టిన పాత అక్విడక్టుకి 49 కమానులు. పక్కన 2000లో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వేళ కాని వేళ వచ్చినవాళ్లకీ వండి పెట్టిన ఆ తల్లి ఊరు ఆ పక్కనే, లంకల గన్నవరం. ఆ నీళ్లు అలా దాటబట్టే ఆ లంకలో వరి పండింది, ఆ వరి పండబట్టే అంతమందికి అన్నం పెట్టగలిగారు అని అమ్మ మా బాబుకి చెప్పింది.

ఆ రాత్రి అక్కడికి దగ్గర్లోనే కొబ్బరితోట మధ్య ఒక పెంకుటింట్లో ఉన్నాం. దంపతులిద్దరే నడుపుతున్నారు. రిసార్టుకి కట్టినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు. లోపాలు లేవని కాదు. దోమలున్నాయి, కరెంటు రెండుసార్లు పోయింది, వేణ్ణీళ్లు బకెట్టుతో తెచ్చిచ్చారు. కానీ గది నేలమట్టానే ఉంది, కమోడ్ ఉంది, రాత్రి లేస్తే జారకుండా బాత్‌రూమ్ ముందు గోనెపట్టా వేసి ఉంచారు. మేం అడగలేదు, అమ్మ నడక చూసి ఆవిడే వేశారు. "మేం తినేదే పెడతామండి, ఏవనుకోకండే" అంటూ పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొబ్బరి పచ్చడి, గడ్డపెరుగు వడ్డించారు. 1996 నవంబరు తుఫానులో ఆ తోటలో చెట్లు ఎలా పడిపోయాయో ఆయన చెప్తుంటే అమ్మ తన ఊళ్లో సంగతులు కలిపింది. పదకొండయినా ఇద్దరూ ఆపలేదు.

పొద్దున అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులు నాలుగు ఈనెపుల్లలతో గిన్నెలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. వేడిగా ఉండగా ఆకు ఒలిస్తే ఈనెల గుర్తులు ఇడ్లీ మీద అలాగే పడి ఉంటాయి, పనసాకు వాసన పట్టి ఉంటుంది. పొద్దున్నే వెళ్లడం మంచిది.

అమలాపురం దాటి ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి మీదుగా యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్ల కింద ఉన్న ఊరు, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. గౌతమి ఒడ్డున నడవడానికి చదునైన దారి, బెంచీలు ఉన్నాయి, పెద్దవాళ్లకి హాయి. గంట చాలు. కోరంగికి మాత్రం పూట కేటాయించండి. మడ చెట్ల మధ్య చెక్కల వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి ఊపిరి వేళ్లు మేకుల్లా పైకి లేచి కనిపిస్తాయి. 1839 తుఫానుకి కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు కాకినాడకి అడ్డుగోడ ఆ మడ అడవే. నడక ఎక్కువ కాబట్టి అమ్మ మొదట్లోనే బెంచీ మీద కూర్చుంది. పడవ ఎక్కాలంటే పోటు, పాటు చూసుకోవాలి, పొద్దున్నే కనుక్కోండి.

కాకినాడలో పడుకుని, చివరి రోజు ఉప్పాడలో జాందానీ మగ్గాలు చూశాం. ఇద్దరు పక్కపక్కన కూర్చుని పువ్వు పువ్వునీ చేత్తో నేస్తారు. చీర తిరగేసినా పువ్వు అలాగే కనిపిస్తుంది. ఒక్క చీరకి రోజులు పడతాయని చూశాక బేరమాడ బుద్ధి కాలేదు. ద్రాక్షారామంలో శివలింగం రెండు అంతస్తుల ఎత్తు. పైకి మెట్లెక్కాలి, అమ్మ కింద నుంచే దణ్ణం పెట్టుకుంది. తాపేశ్వరం మడతకాజా కొనుక్కుని, కడియం నర్సరీల్లో ఒక అంటు మామిడి మొక్క తీసుకుని, ధవళేశ్వరం బ్యారేజీ మీద నుంచి ఆత్రేయపురం వైపు దిగాం.

అక్కడ ఒక ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాం. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. ఆవిడ పల్చటి బట్టని బియ్యప్పిండి నీళ్లలో ముంచి కుండ మీద ఒక్కసారి ఇలా లాగారు. రెప్పపాటులో తెల్లటి రేకు. అంచు పట్టుకుని తీస్తే అవతల చెయ్యి కనపడేంత పల్చన. 2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లం, నెయ్యి వేసి అప్పటికప్పుడు చుట్టినవే తీసుకోండి.

మళ్లీ వస్తే పులస దొరికే రోజుల్లో రావాలని మావారు దారంతా అంటూనే ఉన్నారు. కానీ గోదావరికి వరదొస్తే పంటు ఆపేస్తారు. రెండూ ఒకసారి కుదరకపోవచ్చు. ఏది కావాలని అమ్మని అడిగాను.

"పులస మీరు తినండి. నాకు పంటు ఉన్నప్పుడే చెప్పు" అంది.