స్ప్లిట్‌లో గురువారం ఆట, చెవిలో క్రొయేషియన్ పాఠం: 14 నెలల వాడకం తర్వాత

నేను క్రొయేషియాలోని స్ప్లిట్ అనే ఊళ్ళో ఒక హోటల్ వంటింట్లో పని చేస్తాను. గురువారం రాత్రి డ్యూటీ దిగాక వంటవాళ్ళం, వెయిటర్లం కలిసి చిన్న టర్ఫ్ మీద ఫుట్‌బాల్ ఆడతాం. కాకినాడలో నేను క్రికెట్ తప్ప ఏదీ ఆడలేదు. అయినా పరిగెత్తగలను కాబట్టి వెనక నిలబెట్టారు. కాళ్ళు బాగానే నడిచాయి, నోరే పెగల్లేదు. అందుకని నెలకి 10 యూరోలు కట్టి ఒక ఆడియో పాఠాల యాప్ పెట్టుకున్నాను.

ఆటల పాఠం మొదటి వాక్యం ‘ఇగ్రామ్ నొగొమెత్’, ఫుట్‌బాల్ ఆడతాను అని. ‘నోగా’ అంటే కాలు, ఆట పేరు దాన్నుంచే వచ్చింది. ‘నేను’ అని విడిగా చెప్పక్కర్లేదు. ఇగ్రామ్, ఇగ్రాష్ అంటే మన ఆడతాను, ఆడతావు లాగే ఎవరో తెలిసిపోతుంది. ఇంతవరకూ హాయి. కానీ టర్ఫ్ మీద ఆ వాక్యం చెప్పేవాడెవడు? అక్కడ వినపడేది ‘దొదాయ్!’ (ఇవ్వు), ‘పుత్సాయ్!’ (కొట్టు), ‘చూవాయ్ లెజా!’ (వెనక చూసుకో). ఈ కేకలు నాకు నలభయ్యో పాఠం దాటాక గానీ రాలేదు. అప్పటిదాకా నాకు అరుపు వినపడేది, బంతి పోయేది.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. పాఠం చెప్పే గొంతు ఆవిడది. ఆవిడ ‘నిన్న ఆడాను’ అనడానికి ‘ఇగ్రాలా సమ్’ అంటే నేనూ అదే బట్టీ పట్టాను. మన ‘ఆడాను’కి ఆడా మగా తేడా లేదు, వాళ్ళకుంది. మగవాడు ‘ఇగ్రావొ సమ్’ అనాలి. నేను ఆడదానిలా మాట్లాడానని కుర్రాళ్ళు రెండు వారాలు వదల్లేదు. మగ గొంతు ఎంచుకునే వీలు యాప్‌లో ఇప్పటికీ లేదు.

అన్నిటికంటే పెద్ద లోటు, యాప్ నేర్పేది పుస్తకాల భాష. బంతిని ‘లొప్త’ అని నేర్పింది. ఇక్కడ డాల్మేషియాలో, అంటే స్ప్లిట్ ఉన్న ఈ సముద్రతీర ప్రాంతంలో, అది ‘బలూన్’. ‘ఇగ్రామ్’ ఇక్కడి నోళ్ళలో ‘ఇగ్రాన్’ అవుతుంది, చివరి మకారం నకారమైపోతుంది. యాప్ ఆఫ్‌సైడ్‌ని ‘జాలెజె’ అంటే మావాళ్ళు ‘ఓఫ్‌సాయ్ద్’ అంటారు. పెనాల్టీకి యాప్ చెప్పింది ‘యెదనాయెస్తెరత్స్’. యెదనాయెస్త్ అంటే పదకొండు, పదకొండు మీటర్ల దూరం నుంచి కొడతారని ఆ పేరు. మా టర్ఫ్ మీద ‘పెనాల్’ అని ఊరుకుంటారు. అలాగని ఆ పొడుగాటి మాట వృథా పోలేదు. 2018 ప్రపంచకప్పులో క్రొయేషియా డెన్మార్క్‌నీ రష్యానీ పెనాల్టీల మీదే గెలిచింది. ఆ మ్యాచ్‌లు ఇక్కడి వ్యాఖ్యానంతో మళ్ళీ చూస్తే చెవిలో మోగింది ఆ మాటే.

వ్యాకరణం దగ్గర మాత్రం యాప్‌కి దండం పెట్టాలి. ‘చూవాయ్ గోల్’ అంటే గోల్ కాచుకో. ‘చూవాయ్ ఇవానా’ అంటే ఇవాన్‌ని కాచుకో. మనం గోల్‌కి ‘ని’ పెట్టకుండా మనిషికి పెట్టినట్టే, వాళ్ళు ప్రాణమున్న మగ పేరు చివర ‘ఆ’ పెడతారు. ‘లొప్త’కి ప్రాణం లేకపోయినా వ్యాకరణంలో స్త్రీలింగం కాబట్టి ‘లొప్తు’ అవుతుంది, అది వేరే గొడవ. సంబోధన కూడా అంతే. రెఫరీ ‘సుదత్స్’, చివరి అక్షరం మన ‘చాప’లో చ. మాకు రెఫరీ ఎవరూ లేరు గానీ పోల్యుద్ స్టేడియంలో ఈ ఊరి క్లబ్బు హైదుక్ మ్యాచ్‌కి వెళ్తే పక్కవాళ్ళు ‘సూచె!’ అని తిడుతూ కనపడ్డారు. రాముడు పిలుపులో రామా అయినట్టు సుదత్స్ సూచె అయింది. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్ళు ఇక్కడ తల పట్టుకుంటారు, మనకి అంత కష్టం లేదు. లెక్కలు మాత్రం ఇప్పటికీ తడబడతాను: రెండు, మూడు, నాలుగు వరకూ ‘గోలా’, అయిదు నుంచి ‘గోలొవా’. మేం అయిదు దాకా కొట్టడం అరుదు కాబట్టి నెట్టుకొస్తున్నాను.

యాప్‌లో భూతకాలం పాఠాలు పూర్తయ్యాక ఒక రాత్రి ధైర్యం చేశాను. మీ దేశంలో ఫుట్‌బాల్ ఉందా అని మా గోల్‌కీపర్, అరవై దాటిన పెద్దాయన, అడిగాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్ గురించి చెప్పాను. మా హైదరాబాద్ రహీం గారు కోచ్, ఎదుట యుగోస్లావియా, 4-1 తేడాతో ఓడాం. ‘ఇజ్‌గూబిలి స్మొ చెతిరి యెదన్’. ఆ జట్టు దేశంలో అప్పుడు ఈ ఊరూ ఉండేది. ఆయన కాసేపాగి ‘ఒప్రొస్తి’ అన్నాడు, క్షమించు అని. ఆ ఒక్క సంభాషణకి యాప్‌కి రెండు మార్కులు ఎక్కువేశాను.

మొత్తం మీద 5కి 3. క్రొయేషియా వచ్చే ముందు ఆరు నెలలు వాడండి, విభక్తులూ క్రియలూ గట్టిపడతాయి. రాజధాని జాగ్రెబ్ వెళ్ళేవాళ్ళకి నాకంటే ఎక్కువ అక్కరకొస్తుందేమో. స్ప్లిట్ వచ్చేవాళ్ళు మాత్రం ఒక్క మాట ముందే నేర్చుకోండి: ‘ఫాలి నన్ యెదన్’, మాకొకడు తక్కువయ్యాడు. బుధవారం రాత్రికల్లా మా గ్రూపులో ఇదే మెసేజ్ వస్తుంది. నా చందా ఈ నెలాఖరుకి అయిపోతుంది, మళ్ళీ కట్టడం లేదు.